శ్రామికుని ప్రాణం మన చేతిలోని అమానత్

సమస్త స్తోత్రాలు, సమస్త కృతజ్ఞతలు మనలను పుట్టించి, పోషించి, రక్షిస్తున్న అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ధర్మ సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని ప్రతి జుమా నాడూ మేము మొదట మాకు, ఆ తరువాత మీకు హితవు చెప్పుకుంటాము. తఖ్వా అనే మాట వినగానే మన మనసు నమాజు వరుసల వైపు, ఉపవాసాల వైపు, తస్బీహ్ పూసల వైపు పోతుంది. ఈ రోజు ఆ మాటను ఫ్యాక్టరీ గేటు లోపలికి, వెల్డింగ్ షాపులోకి, కట్టుబడి జరుగుతున్న మేడ మీదికి తీసుకువెళ్ళదలచాము. జుమా సూరాలోనే అల్లాహ్ నమాజు ముగిసిన పిదప భూమిపై విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమన్నాడు. ఆ అన్వేషణలో కూడా తనను అధికంగా స్మరించమన్నాడు. కనుక మస్జిదు గడప దాటి పనిలో ప్రవేశించిన మనిషి అల్లాహ్ సన్నిధి నుండి తొలగిపోలేదు. పని చేసేవాడూ, పని చేయించేవాడూ ఇద్దరూ ఆయన చూపులోనే ఉన్నారు.

విషయం ఆరంభించే ముందు మా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవలసి ఉన్నది. కొన్నేళ్ళ క్రితం రమజాన్ మాసం దగ్గరపడుతుండగా మస్జిదుకు రంగులు వేయించాము. పనికి వచ్చినవాడు పక్క పల్లెకు చెందిన హైందవ సోదరుడు. పనితనం ఎక్కువ, మాట తక్కువ. మినారు పైభాగం అందడం లేదని రెండు నిచ్చెనలను తాడుతో కలిపి కట్టారు. అతని నడుముకు బెల్టు లేదు. కింద నిచ్చెన పట్టుకోవడానికి మాత్రం ఒక కుర్రవాడు ఉండేవాడు. రంగు డబ్బా అయిపోవచ్చిందని ఆ కుర్రవాణ్ణి బజారుకు పంపినది మేమే. ఇంతలో జొహర్ అజాన్ అయింది. వుజూ చేసుకోవడానికి పోతూ తలెత్తి చూశాము. ఎవరూ పట్టుకోని నిచ్చెన మీద అతడు చేయి చాచి బ్రష్షు తిప్పుతున్నాడు. “జాగ్రత్త నాయనా, దేవుడు కాపాడతాడు” అని చెప్పి లోపలికి వెళ్ళాము. సలాం చెప్పి నమాజు ముగించకముందే బయట శబ్దమైంది.

ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది. ఆ తరువాత అతడు మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. ఆస్పత్రి ఖర్చు మస్జిదు కమిటీ భరించింది. కొంత బియ్యం, పప్పు తీసుకుని మేము నలుగురం వారి ఇంటికి వెళ్ళాము. అతని భార్య మమ్మల్ని నిందించలేదు. చాప వేసి కూర్చోమన్నది. ఒకే ఒక మాట అడిగింది: “కింద నిచ్చెన ఎవరు పట్టుకున్నారు బాబూ?”

మాలో ఒక పెద్దాయన ఓదార్పుగా “అంతా దేవుడి రాత, తల్లీ” అన్నాడు. ఆమె తల దించుకున్నది. దేవుని రాతపై మా విశ్వాసం సత్యమే. కాని ఆ ఇంటి అరుగు మీద, ఆ క్షణాన, ఆ సత్యవాక్కు మా తప్పును కప్పే దుప్పటి అయింది. కుర్రవాణ్ణి పంపిన నోరు మాది. ఖాళీ నిచ్చెనను చూసి కూడా ముందుకు నడిచిన కాళ్ళు మావి.

సోదరులారా! తఖ్దీర్‌ను విశ్వసించడం ఈమాన్‌లో భాగం. దానిని నిర్లక్ష్యానికి ముసుగు చేయడం ఈమాన్ కాదు. ఒక పల్లెవాసి తన ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలివేసి భారం వేయాలా అని అడిగినప్పుడు, ముందు కట్టివేసి ఆ తరువాత భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. తవక్కుల్ తాడు కట్టిన తరువాత మొదలవుతుంది. హజ్రత్ ఉమర్ (ర) సైన్యంతో షామ్ దేశానికి వెళుతూ, అక్కడ ప్లేగు ప్రబలిందని విని, సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. అల్లాహ్ రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) ప్రశ్నించారు. తాము అల్లాహ్ రాత నుండి అల్లాహ్ రాతలోకే వెళుతున్నామని ఆయన బదులిచ్చారు. పచ్చిక ఉన్న లోయ, ఎండిన లోయ రెండూ ఎదుట ఉన్నప్పుడు పశువులను ఎక్కడ మేపినా అది దైవనిర్ణయమే కదా అని కూడా వివరించారు. ప్రమాదం ఎలా రాతలో ఉంటుందో, జాగ్రత్త కూడా అలాగే రాతలో ఉంటుంది. రెండింటిలో దేనిని ఎంచుకున్నామని మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.

మన ప్రవక్త (స) ఎంత చిన్న జాగ్రత్తలను కూడా ధర్మంగా బోధించారో గమనించండి. పిట్టగోడ లేని కప్పు మీద నిద్రించేవాని విషయంలో రక్షణ బాధ్యత తొలగిపోతుందని హెచ్చరించారు. ఒక రాత్రి మదీనాలో ఒక ఇల్లు అందులోనివారితో సహా తగులబడినప్పుడు, నిప్పు మనకు శత్రువు అనీ, పడుకునే ముందు దానిని ఆర్పివేయాలనీ ఆదేశించారు. బజారులోనో, మస్జిదులోనో బాణాలు తీసుకుని నడిచేవాడు వాటి మొనలను చేతితో పట్టుకోవాలనీ, ఇతరులకు గీత కూడా పడరాదనీ చెప్పారు. ఎత్తు, నిప్పు, పదునైన ఇనుము! నేటి ఫ్యాక్టరీలలో కార్మికుల ప్రాణాలు తీసేవి కూడా ఎక్కువగా ఇవే. వీటి గురించి పదునాలుగు వందల ఏళ్ళ క్రితమే బోధ అందుకున్న సమాజం మనది.

ఇక మన ప్రాంతం వైపు చూడండి. చోడవరం చుట్టుపక్కల పని అంటే ఒకప్పుడు చెరకే. తోటలో నరకడం, గానుగ ఆడించడం, మరుగుతున్న పెనం దగ్గర బెల్లం వండడం, గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో సీజను పని. ఆ పనిలోనూ గానుగలో చేతివేళ్ళు పోగొట్టుకున్నవారిని మన పెద్దలు ఎరుగుదురు. ఇప్పుడు మన పిల్లలు ఫజర్ వేళకే కంపెనీ బస్సులెక్కి అచ్యుతాపురం, పరవాడ వెళుతున్నారు. రసాయనాల పేర్లు ఇంట్లో తల్లికి పలకడం రాదు. కొందరు పిల్లలకూ ఆ రసాయనం ఏమి చేయగలదో తెలియదు.

2020 మే 7. అది రమజాన్ మాసం, సహరీకి లేచే వేళ. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి నిద్రిస్తున్న ఇళ్ళ మీదికి వ్యాపించింది. 12 మంది మరణించారు. వందలాదిమంది ఆస్పత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో నిలిచి ఉన్న ట్యాంకులో వేడి పెరిగి, దానిని అదుపులో ఉంచవలసిన ఏర్పాట్లు విఫలమయ్యాయి. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుండి సైరన్ మోగించే వీలుండి కూడా దానిని మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ అదే ఏడాది జూలైలో నివేదించింది. ఒక్క చేయి ఒక్క మీట నొక్కి ఉంటే ఎందరు మేల్కొనేవారో ఆలోచించండి!

అదే ఏడాది ఆగస్టు 1, మనం బక్రీద్ జరుపుకున్న రోజున, విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్షిస్తున్న క్రేను కూలి 11 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఔషధ కంపెనీలో మండే ద్రావకం లీకై, దాని ఆవిరికి నిప్పంటుకుని సంభవించిన పేలుడులో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. 2025 ఏప్రిల్ 13న మన జిల్లాలోనే కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది మరణించారు. వీరిలో ఏ మతంవారు ఎందరని మేము లెక్కించము. ఒక ప్రాణాన్ని కాపాడడం మానవాళినంతటినీ కాపాడడంతో సమానమని దివ్య ఖుర్ఆన్ బోధించింది. ఆ ప్రాణానికి మతం, కులం, పర్మనెంటు, కాంట్రాక్టు అనే గుర్తులు పెట్టలేదు.

ఎసెన్షియా మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. బాధితులకు పరిహారం అందాలి, అది వారి హక్కు. కాని కోటి రూపాయలు ఇంటికి వచ్చినా సాయంత్రం బస్సు దిగి మనిషి రాడు. పరిహారం గురించి మనం గట్టిగా మాట్లాడతాము. ప్రమాదానికి ముందు రోజు, వాసన వస్తోందని ఎవరైనా చెప్పినప్పుడు మనం ఏమి చేశామన్నదే అసలు ప్రశ్న.

భోపాల్ విషాదం 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి జరిగింది. ఆ ఫ్యాక్టరీ వల్ల నగరానికి ముప్పు ఉన్నదని రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక పాత్రికేయుడు 1982లోనే రాశారు. రాసినది నిలిచింది, విన్నవారు లేకపోయారు. ఆ విషాదం తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పరిశ్రమలో యాజమాన్యంతో సమానంగా కార్మికులు కూర్చునే భద్రతా కమిటీ ఉండాలని, ముంచుకువస్తున్న అపాయం గురించి హెచ్చరించే హక్కు కార్మికునికి ఉన్నదని అందులో చేర్చారు. వేలాది ప్రాణాలు పోయిన తరువాత చట్టం గుర్తించిన విషయం ఏమిటంటే, పనివాడి నోటిని మూయరాదు.

అందుకే, సోదరులారా, భద్రత అనేది హెల్మెట్‌తో పూర్తికాదు. చిన్న కూలీ పెద్ద యజమానితో “అయ్యా, ఇది సరిగా లేదు” అని భయపడకుండా చెప్పగలిగిన చోటే భద్రత ఉన్నది. ఆ మాట అన్నందుకు అతని కూలి పోని చోటే భద్రత ఉన్నది. దైవప్రవక్త (స) ఒక ఓడను దృష్టాంతంగా చెప్పారు. అందులో కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ప్రయాణిస్తున్నారు. నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్ళి వారిని ఇబ్బంది పెట్టడమెందుకని కిందివారు తమ భాగంలోనే రంధ్రం చేయబోయారు. పైవారు చూస్తూ ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టి ఆపితే అందరూ బ్రతుకుతారు. ఫ్యాక్టరీ కూడా ఒక ఓడే. పని తొందరగా తెమలాలని ఒకడు తీసిన వాల్వు, ఒకడు ఆపివేసిన అలారం, అతని భాగంలో మాత్రమే చేసిన రంధ్రం కాదు. పైవారు కిందివారికి నీరు అందే మార్గం చూడాలి. కిందివారు కూడా అడ్డదారి వెతకరాదు.

ఇప్పుడు మనలో పని చేయించే సోదరులకు మనవి. మీలో మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, షాపుల యజమానులు ఉన్నారు. మీలో ప్రతి ఒక్కరూ ఒక కాపరి, తన మంద గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. హజ్రత్ మూసా (అ) పరదేశిగా మద్‌యన్ చేరినప్పుడు అక్కడి వృద్ధుడు ఆయనను పనిలో పెట్టుకున్న వృత్తాంతం ఖుర్ఆన్‌లో ఉన్నది. కాలపరిమితి స్పష్టంగా చెప్పి, ఆయనపై కష్టం మోపడం తన ఉద్దేశం కాదని ఆ వృద్ధుడు ముందే మాట ఇచ్చాడు. యజమాని తానే ముందుకు వచ్చి ఇచ్చిన హామీ అది! మనం కూలి మాట్లాడేటప్పుడు రేటు మాట్లాడతాము, అడ్వాన్సు మాట్లాడతాము. “నీకు అపాయం కలిగే పని చేయించను” అన్న మాట ఎన్నడైనా ఇచ్చామా?

హజ్రత్ దావూద్ (అ)కు అల్లాహ్ ఇనుమును మెత్తగా చేసి, కవచాలు తయారుచేయడం నేర్పాడు. కడియాలను సరైన కొలతతో అల్లమని ఆదేశించాడు. శరీరాన్ని కాపాడే ఉపకరణం ఒక ప్రవక్త చేతిపని! దానిలో నాసిరకం పనికిరాదని స్వయంగా అల్లాహ్ ఆదేశం! గ్రైండర్ ముందు కూర్చున్న కుర్రవాడికి కళ్ళద్దాలు, రసాయనం ముట్టేవాడికి చేతితొడుగులు, ఎత్తు ఎక్కేవాడికి బెల్టు ఇవ్వడం మీ దయ కాదు, మీ బాధ్యత. తెగిపోయే బెల్టు ఇవ్వడం ఇవ్వకపోవడంతో సమానం. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడే జరిగిన హానికి బాధ్యుడని కూడా ప్రవక్త (స) చెప్పారు. పని నేర్పకుండా మనిషిని యంత్రం ముందు నిలబెట్టేవారు ఆ హదీసును తమకు అన్వయించుకోవాలి.

ప్రాణం నిలిస్తే చాలదు, మనిషి మనిషిగా నిలవాలి. మీ చేతికింద పనిచేసేవారు మీ సోదరులు, వారి శక్తికి మించిన భారం మోపరాదు, మోపితే మీరూ చేయి వేసి సాయపడాలి అన్నది ప్రవక్త (స) ఆదేశ సారాంశం. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసినవానిపై ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు తెలిపారు. మన శరీరానికి మనపై హక్కు ఉన్నదని బోధించారు. పగటి షిఫ్టు చేసినవాణ్ణే రాత్రి కూడా ఉండమంటే ఆ హక్కును ఎవరు కాజేసినట్లు? నిద్రలేని కన్ను మీటరులోని అంకెను సరిగా చూడదు. మే నెల ఎండలో మధ్యాహ్నం స్లాబు పని ఆపి నీడ, మజ్జిగ ఇవ్వడం ఇబాదత్ కాదా? నలుగురి ముందు తిట్లు తిన్నవాడు మరునాడు లోపం కనిపించినా నోరు విప్పడు. అవమానం కూడా ఒక ప్రమాదకారణమే.

పని చేసే సోదరులకు కూడా ఒక మాట. మన చేతులారా మనల్ని వినాశంలో పడవేసుకోరాదని అల్లాహ్ ఆజ్ఞ. హెల్మెట్ ఇస్తే చెమట పడుతోందని పక్కన పెట్టడం ధైర్యం కాదు. మీ ప్రాణం మీ సొంత ఆస్తి కాదు. అది అల్లాహ్ మీ వద్ద ఉంచిన అమానత్, దానిలో మీ పిల్లలకు వాటా ఉన్నది. లోపం చూసినప్పుడు చెప్పండి. ఒంటరిగా భయమైతే నలుగురు కలిసి చెప్పండి. అన్యాయం చేసేవానికి కూడా సాయపడమని, అతని చేతిని అన్యాయం నుండి ఆపడమే ఆ సాయమని ప్రవక్త (స) వివరించారు. హెచ్చరించిన పనివాడు యజమానికి శత్రువు కాదు. అతనిని హత్యాపాపం నుండి కాపాడిన స్నేహితుడు.

ఈ మాటలు చెప్పి, మాకొరకు, మీకొరకు, సమస్త విశ్వాసుల కొరకు అల్లాహ్ మన్నింపును వేడుకుంటున్నాము.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రాలు, ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు!

సోదరులారా! విన్న మాట చేతిలోకి రాకపోతే అది మనపైనే సాక్ష్యం అవుతుంది. కనుక మొదట మన మస్జిదు నుండే ప్రారంభిస్తున్నాము. ఇకమీదట ఇక్కడ ఎవరు ఎత్తు ఎక్కినా నడుముకు బెల్టు ఉంటుంది, కింద ఒక మనిషి ఉంటాడు. అజాన్ అయితే ముందు పనివాణ్ణి కిందికి దింపి, ఆ తరువాతే నిచ్చెన వదులుతాము. జమాఅత్ రెండు నిమిషాలు ఆలస్యమైనా సరే! కరెంటు పని మెయిను ఆపకుండా చేయించము. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపము. రక్షణ లేకుండా మనుషులను అందులో దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. దానికి యంత్రం ఉన్న బండినే పిలుస్తాము. మీ ఇళ్ళలో కూడా ఇదే నియమం పాటించండి. వంద రూపాయలు మిగులుతాయని ఒక మనిషిని ఆ గోతిలోకి దింపకండి.

రెండవది, ఈ వారం ప్రతి తండ్రీ, ప్రతి తల్లీ కంపెనీకి వెళ్ళే బిడ్డను కూర్చోబెట్టుకుని అడగండి. నువ్వు ముట్టే పదార్థం ఏమిటి? అది ఒలికితే ఏమి చేయాలో నీకు నేర్పారా? బయటికి పోయే దారి ఎటు? నెల జీతం ఎంత అని అడిగినంత శ్రద్ధతో ఇది అడగండి. జవాబు రాకపోతే, ఆ జవాబు తెలుసుకునే వరకు అతనికి వెన్నంటి ఉండండి.

మూడవది, పనిలో గాయపడి ఇంటికి పరిమితమైనవారిని మరచిపోకండి. రోగిని పరామర్శించడం సున్నత్. ఏడాది గడిచాక వెళ్ళేవారు తక్కువ. ఆ నిచ్చెన మీద నుండి పడిన సోదరుని ఇంటికి మేము ఇప్పటికీ వెళుతున్నాము. ఆయన గుమ్మం పక్కన కూర్చుని మమ్మల్ని నవ్వుతూ పలకరిస్తాడు. ఆయన భార్య ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. అడగకపోయినా అది మా వెంట ఉన్నది. రేపు తీర్పుదినాన అదే ప్రశ్న ఎదురైతే, ఆ రోజు పట్టుకోలేదు ప్రభూ, ఆ తరువాత ఎన్నడూ వదలలేదు అని చెప్పుకోగలిగే భాగ్యాన్ని మాత్రమే కోరుకుంటున్నాము.

ఓ అల్లాహ్! హలాల్ సంపాదన కోసం ఇల్లు వదిలిన ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇల్లు చేర్చు. పని చేయించేవారి హృదయాలలో నీ భయాన్ని, పని చేసేవారి నోటిలో సత్యాన్ని పలికే ధైర్యాన్ని ఉంచు. పనిలో మరణించినవారి కుటుంబాలకు సహనాన్ని, ఆధారాన్ని ప్రసాదించు. గాయపడినవారికి స్వస్థత చేకూర్చు. మేము చూసి కూడా చూడనట్లు నడిచిపోయిన ప్రతి ఖాళీ నిచ్చెన విషయంలో మమ్మల్ని మన్నించు. ఇకమీదట ఆగి, పట్టుకునే చేతులను మాకు ప్రసాదించు. ఆమీన్.